తులాధారుడి త్రాసు, మా మామ క్యాసెట్ రిజిస్టరు



ఒక ప్రశ్న చాలా రోజులుగా నన్ను వదలడం లేదు. అడిగినవాడికి అడిగింది ఇచ్చేస్తే దుకాణదారుడి ధర్మం అయిపోయినట్టేనా? ఇచ్చినదాన్ని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళు ఏం చేసుకుంటారన్నది మనకు సంబంధం లేని విషయమేనా?

ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చే కథ మహాభారతం శాంతిపర్వంలో ఉంది. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ధర్మరాజుకి చెప్తాడు. జాజలి అనే తపస్వి కట్టెలా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పక్షులు గూడు కట్టుకున్నాయి. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి, రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. అన్నాళ్ళూ ఆయన కదల్లేదు. ఇంక ధర్మం నా చేతికి వచ్చేసింది అని పొంగిపోయాడు. అప్పుడు ఆకాశం నుంచి ఒక మాట వినిపించింది: కాశీలో తులాధారుడనే వర్తకుడున్నాడు, ధర్మంలో నువ్వు అతనికి సాటి రావు, అయినా అతను కూడా నీలా ఇలా చెప్పుకోడు అని.

జాజలి కాశీ వెళ్ళి చూస్తే తులాధారుడు దుకాణంలో కూర్చుని సుగంధ ద్రవ్యాలూ, దినుసులూ అమ్ముకుంటున్నాడు. తన ధర్మం గురించి అతను చెప్పిన దాంట్లో ముఖ్యమైన సంగతి, తన త్రాసు అందరికీ ఒక్కటే అని. పేరులోనే త్రాసు ఉంది కదా, కథ చెప్పేవాళ్ళంతా ఆ మాట దగ్గరే ఆగిపోతారు. కానీ అతని సరుకుల జాబితాలో ఒక చిన్న ముక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రకరకాల ద్రవాలు కూడా అమ్ముతాను, మద్యం తప్ప, అంటాడు.

అంటే త్రాసు సమానమే, కానీ త్రాసు మీదకి ఏది రావాలన్నది ముందే ఒకరు నిర్ణయించారు. సమానత్వం ఒక పని, ఏరుకోవడం ఇంకో పని. తులాధారుడు రెండూ చేశాడు. రెండో పని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గద్వాలలో మా మామ నడిపిన వీడియో క్యాసెట్ షాపు గుర్తొస్తుంది.

మీలో చాలామందికి క్యాసెట్ షాపంటే సినిమాల్లో చూసిన సంగతే అయ్యుంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మామ షాపు పెట్టింది 1988లో. అంతకుముందు ఏడాది, 1987 జనవరి 25న, దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున టీవీకి బొట్టు పెట్టి, పూలదండ వేసి, అగరుబత్తి వెలిగించి కూర్చునేవాళ్ళట. టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు వీధంతా చెప్పులే. మా మామ అది చూసి, తెర ముందు జనం ఇట్ల కూర్చుంటరా అనుకుని, అప్పు తెచ్చి ఒక డెక్కు, ఒక కలర్ టీవీ, ఒక అల్మారా క్యాసెట్లు కొన్నాడు. వీసీఆర్‌ని మా దగ్గర డెక్కు అనేవాళ్ళు. ఇప్పటికీ మా అత్తమ్మ అలాగే అంటుంది.

నేను చూసింది ఆ షాపు చివరి అంకం. నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో హైదరాబాద్ నుంచి గద్వాల వెళ్ళేసరికి అల్మారాలో సగం వీసీడీలు వచ్చేశాయి. ఒక వీసీడీలో పట్టేది గంటా పావు లోపే. అందుకే తెలుగు సినిమాకి రెండో మూడో డిస్కులు ఉండేవి, వాటిలో ఒకటి ఎప్పుడూ గీతలు పడి క్లైమాక్స్ దగ్గరే ఆగేది. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు పై అరల్లో ఉండేవి, అడిగేవాళ్ళు తక్కువ. కానీ పని నేర్చుకున్నది మాత్రం వాటితోనే.

పొద్దున షాపు తీయగానే నీళ్ళు చల్లి, జమ్ములమ్మ పటానికి దండం పెట్టి, మామ మొదట చేసే పని రాత్రి తిరిగొచ్చిన క్యాసెట్లని రివైండ్ చేయడం. రివైండ్ చేసి ఇవ్వండి అని ఎన్ని చీటీలు అతికించినా చేసేవాళ్ళు తక్కువ. మూడు గంటల క్యాసెట్‌లో టేపు దగ్గర దగ్గర 258 మీటర్లు ఉంటుంది, పావు కిలోమీటరన్నమాట. డెక్కులో రివైండ్ చేస్తే మోటారు అరిగిపోతుందని దానికి వేరే చిన్న మిషను ఉండేది. టేపు నలిగితే స్క్రూలు విప్పి, నలిగిన ముక్క కత్తిరించి, అంటించేవాడు. వానాకాలంలో టేపు మీద తెల్లగా బూజు పట్టేది. ఆ క్యాసెట్ ఒక్కటి వేస్తే చాలు, డెక్కు హెడ్డు పాడై తర్వాత వేసిన మంచి క్యాసెట్లలో కూడా బొమ్మ చీమల్లా వచ్చేది. హెడ్డు నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ము మీద ఉంటుంది, దాన్ని స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో అడ్డంగా మాత్రమే తుడవాలి. నిలువుగా తుడిస్తే విరుగుతుంది. ఈ పని నాకు ఒక్కసారి కూడా చేయనివ్వలేదు.

తర్వాత రిజిస్టరు. పేరు, వీధి, క్యాసెట్ నంబరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. తెలియనివాళ్ళయితే డిపాజిట్. ఒక్క రోజుకి అద్దె అందరికీ ఒకటే. మగ్గం మీద నూలు చీరకి పట్టు అంచు నేసే చేనేతాయనకీ, పెద్ద బంగ్లా ఆయన డ్రైవర్‌కీ ఒకటే రేటు. లేటయితే రెండో రోజు అద్దె కూడా కట్టాలి, అది మాత్రం మనిషిని బట్టి వదిలేసేవాడు. దానవీరశూరకర్ణ దాదాపు నాలుగు గంటల సినిమా, ఒక క్యాసెట్‌లో పట్టదు. రెండో క్యాసెట్ ఎవరింట్లోనో ఉండిపోయేది. కర్ణుడు చావకుండా నెలలు గడిచిన ఇళ్ళున్నాయని మామ జోకు.

అసలు డబ్బులు వచ్చేది డెక్కు అద్దెకి పోయినప్పుడు. పెళ్ళిళ్ళు, వినాయక చవితి మండపాలు, జాతర. పాలమూరు వలస గురించి మీరు విని ఉంటారు. బొంబాయి, పుణె పనులకి పోయినవాళ్ళు పండక్కి ఊరొస్తే, రాత్రికి టీవీ, డెక్కు, నాలుగు క్యాసెట్లు కలిపి తీసుకెళ్ళేవాళ్ళు. గద్వాల నుంచి ఎద్దుల బండి మీద, గోనెసంచులు పరిచి, టీవీని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళని మామ చెప్తాడు. వెంట షాపు తరఫున ఒక మనిషి పోవాలి, డెక్కు ఆయనే నడపాలి. తెల్లారేదాకా ఊరంతా మెలకువే.

అన్నిటికంటే పెద్ద గిరాకీ ఏ రాత్రికో చెప్పుకోండి. శివరాత్రికి.

జాగరణ చేయాలి, నిద్ర ఆగదు. కాబట్టి డెక్కు. నెల ముందే పేర్లు రాయించుకునేవాళ్ళు. ఇక్కడ మన ఛానల్ చూసేవాళ్ళు ముఖం చిట్లించవచ్చు. సినిమాలు చూస్తూ గడిపిన రాత్రి జాగరణ ఎలా అవుతుంది? లింగోద్భవ కాలంలో గుడిలో అభిషేకం జరుగుతుంటే వీళ్ళు ఫైటింగ్ సినిమా చూస్తుంటే పుణ్యమెక్కడిది? నేనూ మామని అడిగాను. ఆయన చెప్పింది ఇది: "అల్లుడూ, ఉపాసం ఉన్నోడు పొద్దుమూకి కండ్లు మూస్తే మొత్తానికే పాయె. నేనేం జేస్తుంటి అంటే, నాలుగు క్యాసెట్లల్ల మొదటిది భక్త కన్నప్పో, భూకైలాసో పెడ్తుంటి. అది నేను రాసిచ్చేదే, వాళ్ళు అడిగేది గాదు. తర్వాత మూడు వాళ్ళిష్టం."

ఈ జవాబు నాకు నచ్చింది. పూర్తిగా ఒప్పుకోను, అది వేరే సంగతి. జాగరణ అంటే కళ్ళు తెరిచి ఉండటం ఒక్కటే కాదు, మనసు శివుడి దగ్గర ఉండటం. కానీ పన్నెండు గంటలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషికి మనసు సంగతి చెప్పేముందు ఒళ్ళు సంగతి ఆలోచించాలి. ఆ మొదటి క్యాసెట్ వల్ల ఎంతమంది మనసు ఎటు తిరిగిందో ఎవరికి తెలుసు? మామ దాన్ని లెక్కపెట్టలేదు. ఈ లెక్కపెట్టకపోవడం దగ్గరికి మళ్ళీ వస్తాను.

రిజిస్టరు గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఇది తొంభైల నాటిది, నేను పుట్టకముందు. వనపర్తి వైపు నుంచి ఒక పెద్దమనిషి షాపుకి వచ్చాడు. బిడ్డకి గద్వాల సంబంధం చూస్తున్నాడు. పిల్లవాడి గురించి నలుగురినీ వాకబు చేస్తూ, ఎవరో చెప్తే, క్యాసెట్ షాపుకి కూడా వచ్చాడు. పిల్లగాడు ఎట్లాంటి సినిమాలు తీస్కపోతడో ఒక్కసారి పుస్తకం చూపియ్యి, అన్నాడు. తండ్రి మనసు, అర్థమవుతుంది. నలుగురిలో మంచివాడే, మరి ఒంటరిగా ఉన్నప్పుడు ఎలాంటివాడు? దానికి జవాబు నిజంగానే ఆ పుస్తకంలో ఉంది.

మామ చూపించలేదు. "గా పుస్తకంల ఊరు ఊరంత ఉంది సారూ, మీ పిల్లగాని ఒక్కని పేజీ చింపి ఎట్లియ్యాలె" అన్నాడట. ఆయన కోపంతో వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి జరిగిందా లేదా అని నేను అడిగితే మామ అదీ చెప్పలేదు.

ఇది తప్పా ఒప్పా అని నేను ఇంట్లో చాలాసార్లు వాదన పెట్టాను. మా అమ్మ అంటుంది, పిల్ల జీవితం కదరా, చెప్పాల్సింది అని. ఆమె మాటలో బరువుంది. పిల్లవాడు తాగుబోతని తెలిసి కల్లు దుకాణం ఆయన దాచిపెడితే మనం మెచ్చుకుంటామా? కానీ నాకు మామదే సరైనదనిపిస్తుంది. ఎందుకంటే ఆ పుస్తకంలో పేరు రాయించుకున్నవాళ్ళెవరూ సాక్ష్యం కోసం రాయించుకోలేదు, క్యాసెట్ తిరిగివ్వడం కోసం రాయించుకున్నారు. ఒక పనికి ఇచ్చిన నమ్మకాన్ని ఇంకో పనికి వాడటం, మన భాషలో చెప్పాలంటే, న్యాసం పెట్టిన సొమ్ముని వాడుకోవడమే. దాచమని ఇచ్చినదాన్ని వాడుకుంటే అది ఎంత మంచి పనికి వాడినా తప్పే అవుతుంది.

సరిగ్గా ఇదే గొడవ అమెరికాలో పెద్ద రాజకీయం అయింది. 1987లో సుప్రీంకోర్టు జడ్జిగా రాబర్ట్ బోర్క్ పేరు ప్రతిపాదించినప్పుడు, వాషింగ్టన్‌లో ఒక వారపత్రిక విలేకరి వీడియో షాపు నుంచి ఆయన అద్దెకి తీసుకున్న సినిమాల జాబితా సంపాదించి అచ్చు వేయించాడు. జాబితాలో తలదించుకోవాల్సిందేమీ లేదు. అయినా, మన జాబితా కూడా ఇలాగే బయటికి వస్తే అనుకుని అన్ని పార్టీల వాళ్ళకీ చెమటలు పట్టాయి. మరుసటి ఏడాది, 1988లో, వీడియో షాపుల రికార్డులు బయటపెట్టకూడదని చట్టమే చేశారు. అంటే మా మామ షాపు తెరిచిన ఏడాదే. ఆయనకి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది 2017 ఆగస్టులో. అప్పటికి గద్వాల షాపు మూతపడి చాలా ఏళ్ళయింది.

ఇక్కడిదాకా చదివి మామని దేవుణ్ణి చేస్తున్నానని అనుకోకండి. ఆయన షాపులో చాలా క్యాసెట్లు దొంగ కాపీలు. ఈ ముక్క చెప్పకుండా ధర్మం గురించి రాస్తే అది బూతద్దంలో ఒకవైపే చూపించినట్టు. 1984లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియో దొంగతనానికి కనీసం ఆరు నెలల జైలు, యాభై వేల జరిమానా పెట్టారు. చట్టం ఉన్నా ఒక మాస్టర్ నుంచి కాపీ, ఆ కాపీ నుంచి కాపీ తీస్తూనే పోయేవాళ్ళు. ప్రతి తరానికీ బొమ్మ ఇంకొంచెం మసక. సినిమా తీసినవాడి కష్టం ఎక్కడో హైదరాబాద్‌లోనో, మద్రాసులోనో ఉండేది, డబ్బు మాత్రం ఇక్కడ గల్లాపెట్టెలో పడేది.

దీనికి మనవాళ్ళు వెంటనే ధర్మవ్యాధుడి కథ తెస్తారు. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు, కోపంతో కొంగని కాల్చేసిన కౌశికుడికి ధర్మం బోధించలేదా? ఏ వృత్తిలోనైనా దోషం ఉంటుంది కదా? గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడే, నిప్పుని పొగ కమ్ముకున్నట్టు ప్రతి పనినీ ఏదో దోషం కమ్ముకునే ఉంటుంది, అందుకని నీ పని వదిలేయకు, అన్నాడు కదా?

అన్నాడు. కానీ ఆ మాటని రసీదులా వాడుకోవడం నాకు నచ్చదు. ధర్మవ్యాధుడు తన దోషాన్ని దాచలేదు, నా పని ఘోరమైనదే అని తానే ఒప్పుకున్నాడు. నిప్పుకి పొగ సహజం, నిజమే. తడి కట్టెలు మనమే ఏరి తెచ్చి పొయ్యిలో పెట్టి, పొగ సహజం కదా అంటే ఎలా? దొంగ కాపీ తడి కట్టె. మామని ఇదే అడిగితే ఆయన వాదించలేదు. "అసలుది కొందమంటే గద్వాలకి దొరకపోతుండె. దొరికిననాడు గూడ కొనలే. పైసల్ మిగులుతుండె" అన్నాడు. ఇంకేం అనలేదు. ఒకే మనిషి, ఒకే కౌంటరు. రిజిస్టరు విషయంలో మనం ఎవరికైనా చూపించదగ్గ నిజాయితీ, సరుకు విషయంలో దొంగతనం. ఒకటి ఇంకోదాన్ని కడిగేయదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. చిత్రగుప్తుడి పుస్తకంలో కూడా జమ, ఖర్చు వేరే వేరే పేజీలనే నా నమ్మకం.

ఇప్పుడు నా సంగతి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వీడియోలు చూపించే ఒక యాప్‌లో, తర్వాత ఏ వీడియో చూపించాలో నిర్ణయించే టీమ్‌లో పనిచేస్తున్నాను. అంటే నేనూ క్యాసెట్ షాపులోనే ఉన్నాను, కౌంటరు కొంచెం పెద్దది అంతే. అది ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో చెప్తాను. మీరు ఏది నొక్కారు, ఎన్ని సెకన్లు చూశారు, ఎక్కడ వేలు ఆగింది, ఎక్కడ పైకి జరిపారు, ఇవన్నీ రాసుకుంటాం. మీలాగే ప్రవర్తించిన లక్షల మంది తర్వాత ఏం చూశారో దాంతో పోల్చి, మీరు ఎక్కువసేపు చూసే అవకాశం ఉన్నదాన్ని పైన పెడతాం. అడిగినవాడికి అడిగింది ఇవ్వడం కూడా కాదు ఇది, అడగకముందే ఇవ్వడం.

తులాధారుడి కథ మళ్ళీ చదువుతుంటే నాకు తట్టిన తేడా ఒకటుంది. తులాధారుడి త్రాసులో ఒకవైపు సరుకు, ఇంకోవైపు తూనికరాయి. కొనేవాడు త్రాసు బయట నిలబడతాడు. మా దగ్గర త్రాసులో కూర్చునేది కొనేవాడే. సరుకుని కాదు, మనిషిని తూస్తాం. మామకి ఊళ్ళో ఎవరు ఏం చూస్తారో తెలుసు, కానీ ఆ తెలివిడిని ఆయన వాడింది చాలా తక్కువ. శివరాత్రికి ఒక్క కన్నప్ప క్యాసెట్ ముందు పెట్టడం, పదో తరగతి పిల్లలకి కొన్ని క్యాసెట్లు లేవని చెప్పడం, అంతే. అది పనిచేసిందా లేదా అని లెక్క చూసుకుని మర్నాడు ఇంకొంచెం గట్టిగా తోయలేదు.

గీత రెండో అధ్యాయంలో ఒక గొలుసు చెప్తాడు కృష్ణుడు. దేన్ని తలుచుకుంటూ ఉంటామో దానితో సంగం ఏర్పడుతుంది, సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, అలా బుద్ధి నాశనం దాకా. ఆ గొలుసులో మొదటి లంకె ధ్యాస. మా టీమ్ పని చేసేది సరిగ్గా ఆ మొదటి లంకె మీదే. అర్జునుడికి జాగ్రత్త అని చెప్పిన చోటే మేం మిషను బిగించాం.

అత్తమ్మ సంగతి చెప్తే ఇది గాల్లో మాట కాదని తెలుస్తుంది. పోయినేడు అత్తమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు మంచం మీదే. మామ షాపు ఇప్పుడు జిరాక్సు, సెల్ రీచార్జి షాపు, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. అత్తమ్మకి తోడు ఫోన్. మొదట విష్ణు సహస్రనామం, లలితా సహస్రనామం, అలంపురం జోగులాంబ అమ్మవారి వీడియోలు. ఒకరోజు, ఈ రాశివారికి ఈ నెలలో ప్రాణగండం అని ఒకటి వచ్చింది. తనది ఆ రాశే. చివరిదాకా చూసింది. ఎవరు చూడరు చెప్పండి? మర్నాడు అలాంటివి మూడు. నెల తిరిగేసరికి ఫోన్ తెరిస్తే గండం, శాపం, దోషం, ఇంట్లో ఈ వస్తువు ఉంటే యమగండం. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ చూసేది. మామ ఫోన్ చేసి "ఏందిరా అల్లుడూ, దేవుని వీడియోలు జూసి భయపడుడేంది" అన్నాడు.

ఆమె అవి కోరుకోలేదు. ఏ మిషనూ ఆమెని, అమ్మా నీకు భయం కావాలా అని అడగలేదు. చూడటం ఆపలేకపోయింది, దాన్ని మిషను కోరిక కింద రాసుకుంది. ఆపలేకపోవడం వేరు, కావాలనుకోవడం వేరు. దగ్గు ఆపుకోలేని మనిషిని చూసి ఈయనకి దగ్గంటే ఇష్టం అని రాసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. భక్తి ఛానళ్ళన్నీ, మనదీ కలిపి, ఆ మిషను మీదే బతుకుతున్నాయి. నెమ్మదిగా చెప్పిన తులాధారుడి కథ కంటే ప్రాణగండం అని ఎర్ర అక్షరాల్లో రాసిన బొమ్మకే వేళ్ళు ఆగుతాయి. ఇది తెలిసీ ఎర్ర అక్షరాలు పెట్టకుండా ఉండటమే మనకాలపు మద్యవర్జనం అనుకుంటాను. మద్యం అమ్మకపోవడం వల్ల తులాధారుడికి కూడా గిరాకీ తగ్గే ఉంటుంది.

మరి మామ పద్ధతే మేలా? అంత తేలిగ్గా చెప్పలేను. మా అమ్మనే అడగండి. "మీ మామ మగపిల్లలకి అడిగిందల్లా ఇస్తుండె. ఆడపిల్లలం పోతే లవకుశ తీస్కపొమ్మంటుండె. లవకుశ ఎన్నిసార్లు చూస్తం?" అంటుంది, ఇప్పటికీ కోపంగానే. ఊరికి ఏది మంచిదో కౌంటరు వెనక ఉన్న ఒక్క మగమనిషి తేల్చేవాడు. నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ చదివే మా చెల్లి ఈరోజు ఏ మామనీ అడగకుండా, ఎవరి ముఖం చూడకుండా ఫిజిక్స్ పాఠాలూ చూస్తుంది, కొరియన్ సీరియళ్ళూ చూస్తుంది. రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి సిగ్గుపడి ఏమీ చూడని ఆడపిల్లలు ఆ రోజుల్లో ఎంతమందో. ఈ లాభాన్ని తక్కువ చేయను. నల్లమల అంచు ఊళ్ళలో కూర్చుని ఉపనిషత్తుల మీద ప్రవచనం వినగలగడం కూడా ఆ మిషను ఇచ్చిందే.

కాబట్టి ఏరిపెట్టేవాడు ఉండకూడదు అనడం కుదరదు. షాపు అన్నాక ఎవరో ఒకరు ఏరిపెడతారు, అల్మారాలో పైన ఒకటి, కింద ఒకటి తప్పదు. ఏరిన మనిషి ఎదురుగా ఉన్నాడా, లేవు అంటే ఎందుకు లేవని అడిగి దెబ్బలాడొచ్చా, అన్నదే నాకు తేల్చాల్సిన ప్రశ్నగా కనిపిస్తుంది. మా అమ్మ మామతో దెబ్బలాడింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా దెబ్బలాడుతోంది. అత్తమ్మ ఎవరితో దెబ్బలాడాలి? ఇంకొకటి, క్యాసెట్ మర్నాడు తిరిగిచ్చేయాలి. ఆ తిరిగిచ్చే నడకలో, వీధి చివరిదాకా పోయి వచ్చే ఆ పది నిమిషాల్లో, మనిషికి ఇంక చాలు అనుకునే వీలుండేది. తర్వాతి వీడియో ఐదు సెకన్లలో దానంతటదే మొదలయ్యే చోట ఆ నడక లేదు.

పోయిన నెల గద్వాల వెళ్ళినప్పుడు అత్తమ్మ పక్కన కూర్చుని, ఆ వీడియోలు ఎందుకొస్తున్నాయో చెప్పాను. నువ్వు చివరిదాకా చూస్తే ఫోన్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది అత్తమ్మా, అన్నీ తీసేయమంటావా, అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"అన్ని తీసేస్తే మల్ల జోగులాంబ అమ్మవారిది గూడ పోతది గద" అంది.

పోతుంది, మళ్ళీ వెతుక్కోవాలి, అన్నాను.

"అయితే వద్దు. ఎట్ల తీయాలెనో నాకు జూపియ్యి. ఏది పోవాలెనో నేనే తీస్కుంట."

చూపించాను. నాకు ఇవి చూపించవద్దు అనే మీట ఎక్కడుందో, ఆటోప్లే ఎక్కడ ఆపాలో. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ పెద్దగా పేరు చదివి మరీ తీసేసింది. పక్కన మామ కూర్చుని ఇది ఉంచు, అది తీయి అని సలహాలిస్తుంటే, నీ షాపు బందయింది, గమ్మునుండు అంది. ఒక ప్రాణగండం వీడియోని మాత్రం ఉంచుకుంది. చెప్పేవాడి గొంతు బాగుందట.

ఆఫీసులో నేను ఒక ప్రతిపాదన రాసి పెట్టాను. రాత్రి పదకొండు దాటాక ఆటోప్లే దానంతటదే ఆగిపోవాలని, చూసినసేపు కాకుండా మర్నాడు మనిషి ఇది చూసినందుకు బాగుంది అన్నాడా లేదా అన్నది కూడా లెక్కలోకి రావాలని. దానివల్ల మొత్తం చూసే సమయం తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో అంచనా కట్టి అదీ రాశాను. మా మేనేజర్ చదివి, తగ్గే అంకె చుట్టూ ఎర్ర గీత గీసి, దీని గురించి మాట్లాడదాం అన్నారు. వచ్చే గురువారం మీటింగు.